పదేళ్లు దాటిన బండ్లకు ప్రవేశం లేదు

తొమ్మిదేళ్లుగా నేనొక వ్యాన్‌ను మోస్తున్నాను. బండి మనిషిని మోయాలి గానీ మనిషి బండిని మోయడమేమిటని అడుగుతారేమో. నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఇంకా విచిత్రం ఏమిటంటే ఆ వ్యాన్ ఇప్పుడు లేదు. కరీంనగర్‌లో పాత ఇనుము కొనేవాళ్ల దగ్గర ముక్కలై, కరిగి, ఈపాటికి ఎవరింటి స్లాబులోనో సలాకై ఉంటుంది. లేని బండికి ఇంత బరువుంటుందని నాకెవరూ చెప్పలేదు.

నా పేరు చెప్పను. చెప్తే ఇక్కడి మా తెలుగు గల్లీలో మధ్యాహ్నానికి, మా ఊళ్లో సాయంత్రానికి తెలిసిపోతుంది. ఊరి పేరూ చెప్పను. సిరిసిల్ల పక్కన ఏదో ఒక ఊరనుకోండి. ఇరవై ఏళ్ల వయసులో సూరత్ వచ్చాను. మొదట పాండేసరలో రంగుల మిల్లు. తర్వాత సాంచలు, అంటే మరమగ్గాలు. ఇప్పుడు పల్సానాలో ఒక సేఠు కార్ఖానాలో మాస్టర్‌ని. నలభై మంది నా మాట వింటారు. నా మాట వినడం ఎంత ప్రమాదమో పాపం వాళ్లకు తెలియదు.

మీకే ఎందుకు చెప్తున్నానంటే, మా బావ ఎవరో మీకు తెలియదు. మీకు అంతకన్నా పెద్ద అర్హత అక్కర్లేదు.

మా బావ రాజేశం, అక్క మొగుడు. ఊళ్లో నాలుగు సాంచలు నడుపుకుంటాడు. ఆయనకు ఒక తెల్ల వ్యాన్ ఉండేది. తెల్లదని కాగితంలో ఉంది. చూస్తే పెరుగు మీద పసుపు చల్లినట్టుండేది. పక్క తలుపు మూయాలంటే లోపలివాళ్లు లాగాలి, బయటివాళ్లు తోయాలి, ఇద్దరూ ఒకే క్షణంలో చెయ్యాలి. వెనక సీటు కింద స్ప్రింగు తెగితే బావ సాంచ స్ప్రింగు తెచ్చి బిగించాడు. గుంతలో పడ్డప్పుడల్లా ఆ సీటు మీద కూర్చున్నవాళ్లు ఒకసారి పైకప్పును ముట్టుకుని వచ్చేవాళ్లు. అయినా అది ఆగిన రోజు లేదు. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా, ఎవరి పిల్ల పరీక్షకు ఆలస్యమైనా, "రాజేశమన్నా, జర బండి తియ్యి" అంటూ బావ వాకిట్లోకి వచ్చేవాళ్లు. నా పెళ్లికి నన్ను మోసింది కూడా అదే. ఈ మాట రాయకుండా దాటేద్దామనుకున్నాను. దాటలేకపోయాను.

ఇక్కడ బండ్ల వయసు గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే నా అబద్ధం అంత బాగా ఎందుకు అతికిందో మీకు అర్థం కాదు. బండి వయసు ఊరిని బట్టి ఉంటుంది. సూరత్‌లో బట్టల వ్యాపారులు, వజ్రాల వ్యాపారులు దీపావళికి గోడలకు సున్నం వేయించినంత సులువుగా కారు మారుస్తారు. ఐదేళ్లు నిండితే వాళ్ల లెక్కలో అది ముసలిదైనట్టే. అప్పుడది పల్సానా వైపు మాలాంటి మాస్టర్ల చేతికొస్తుంది. మా దగ్గర కొన్నాళ్లు తిరిగి పల్లెలకు పోతుంది, అక్కడి నుంచి మహారాష్ట్ర దాటి చివరికి మా ఊళ్ల వైపు తేలుతుంది. మిల్లులో మొదటి రకం గుడ్డ షోరూముకూ, రెండో రకం సంతకూ, మిగిలిన ముక్కలు కిలోల లెక్కనా పోతాయి చూడండి, అట్లాగే.

ఇంకోటి, ఇక్కడ ఉప్పు గాలి. డుమస్ వైపు సముద్రం పక్కన ఉండేవాళ్ల కార్లకు అడుగు నుంచి తుప్పు పడుతుంది. మా ఊరి గాలి పొడిది, ఇనుము జోలికి పోదు. దానికి తోడు మావాళ్లు దేన్నీ చావనివ్వరు. తాత నడిపిన సాంచను మనవడు నడుపుతున్నాడు. ఒక్కొక్క ముక్కా మారుస్తూ పోతే చివరికి పాతది తాత పేరొక్కటే మిగులుతుంది. బండ్లనూ అట్లాగే చూసుకుంటారు. అందుకే సూరత్ రోడ్ల మీద కుర్ర బండ్లు, మా రోడ్ల మీద తాత బండ్లు. ఇందులో తప్పేమీ లేదు. ఆ తేడాను వాడుకున్నానే, అదీ నా తప్పు.

తొమ్మిదేళ్ల కిందట, సూరత్ పక్కనే సచిన్ అనే ఊళ్లో, ఒక అపార్ట్‌మెంట్ సొసైటీలో ఫ్లాటు కొన్నాను. ఇరవై ఏళ్లు గల్లీలో ఒక్క గదిలో ఉన్నవాడికి లిఫ్టు ఉన్న ఇల్లంటే మాటలు కాదు. సొసైటీ నిండా గుజరాతీ వ్యాపారులు, అందరూ శాకాహారులు. ఉల్లిపాయ వాసనకే కమిటీ మీటింగు పెట్టేవాళ్లు. కింద పార్కింగులో కార్లు పెళ్లిచూపులకు కూర్చున్నట్టు వరసగా మెరుస్తుండేవి. గృహప్రవేశానికి మా సేఠు కూడా వస్తానన్నాడు. నేను గాల్లో తేలుతున్నాను. అట్లాంటి సమయంలో బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, రైలు గీలు ఒద్దు. మన బండ్లనే ఒస్తం. తొమ్మిది మందిమి. యెనక గొర్రెపోతును గూడ కట్టేస్త."

"గొర్రెపోతు ఎందుకు బావా?"

"ఎందుకేంది? కొత్త ఇంట్ల జొస్తున్నవు, దావత్ ఇయ్యవా? మీ తాన ఏం దొరుకుతదో ఏమో. మనదైతె ఇంట్ల పెరిగింది."

నాకు కళ్ల ముందు సినిమా తిరిగింది. పార్కింగులో రెండు తెల్ల కార్ల మధ్య ఆ పెరుగు రంగు వ్యాన్. తలుపు దగ్గర లోపల నలుగురు లాగుతూ బయట నలుగురు తోస్తూ. కమిటీ చైర్మన్ గారి తులసి మొక్కను నములుతూ గొర్రెపోతు. అప్పుడే గేటులోకి వస్తున్న మా సేఠు.

"బండి ఎన్నేండ్లది బావా?" అన్నాను.

"పందొమ్మిది వడ్డది. ఇంజన్ సప్పుడు ఇంటె తొమ్మిదే అంటవు."

"గదే కష్టం బావా. గుజరాత్‌ల కొత్త రూల్ ఒచ్చింది. పదేండ్లు దాటిన బండ్లను బయటి నుంచి రానిస్తలేరు."

"గట్లనా? ఎవలు ఆపుతరు?"

"బార్డర్ కాడ నవాపూర్ దాటంగనే ఆపుతరు. గుంజుకుంటరు."

"గుంజుకోని ఏం జేస్తరు?"

"తుక్కు జేస్తరు."

బావ నెమ్మదిగా, "ఫిట్‌నెస్ కాయితం ఉన్నది గదనే, మొన్ననే తిప్పిచ్చిన," అన్నాడు.

"కాయితం ఉన్నా గంతే బావా."

"గొర్రెపోతుకు గూడ రూల్ ఉన్నదా?"

"దానికి లేదు. గని రైల్ల ఎక్కనియ్యరు."

"సరే తియ్యి. సర్కారోళ్లు సెప్పినంక ఏం జేస్తం," అన్నాడు బావ.

అంతే. రెండు నిమిషాల మాట. ఆ రూలు నాకు ఎక్కడి నుంచి వచ్చింది? దానికి రెండు రోజుల ముందు టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవర్, ఢిల్లీలో పాత కార్లను తిరగనివ్వడం లేదని ఎవరితోనో అంటుంటే విన్నాను. ఢిల్లీ మాట ఢిల్లీలో ఉండాల్సింది. దాన్ని తెచ్చి నవాపూర్ దగ్గర అతికించాను. తెగిన పోగులు అతకడమే గదా మా పని. ముడి కనపడకుండా అతికాను. ఇంత పనితనం నేను సాంచ మీద చూపించి ఉంటే సేఠు ఎప్పుడో జీతం పెంచేవాడు.

అసలు విషయం మీకు తెలిసే ఉంటుంది. గుజరాత్‌లో అట్లాంటి రూలేదీ లేదు. పదిహేనేళ్లు దాటాక పరీక్ష చేయించి కాగితం తిప్పించుకుంటే బండి తిరగొచ్చు. ఆ పని బావ చేసే ఉన్నాడు. రూలంటే ఆయనకు అంత భయం, అంత గౌరవం. నేను కొట్టింది సరిగ్గా అక్కడే.

తొమ్మిది మందిలో నలుగురే వచ్చారు, రైల్లో, మధ్యలో ఒకచోట మారి. స్టేషన్ నుంచి సచిన్‌కు తిన్నగా వెళ్తే ఉన్ అనే పేట మీదుగా పోవాలి. ఉన్‌లో గ్యారేజీలున్నాయి. ఆ గ్యారేజీల ముందు ఎన్నేళ్లవో ఎవరికీ తెలియని బండ్లు, కొన్నింటికి చక్రాలుంటాయి, కొన్నింటికి ఉండవు, చక్రాలున్నవన్నీ రోజూ తిరిగేవే. బావ వాటిని చూస్తే నా రూలు ఉన్ దాటదు. అందుకని రోడ్డు తవ్వారని చెప్పి కడోదర మీదుగా ఊరంతా చుట్టి తీసుకెళ్లాను. ఆటోవాడు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. బావ మాత్రం కిటికీలోంచి తల తిప్పకుండా కార్లనే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి చేరాక పార్కింగులో వాచ్‌మన్‌ను పట్టుకుని ఒక్కొక్క కారు వయసూ అడిగాడు. అన్నిటికన్నా పెద్దది ఆరేళ్లది.

"నువ్వన్నది నిజమే బామ్మర్దీ," అన్నాడు పైకి వచ్చి, "ఒక్క ముసలి బండి కనవడలే." ఆయన గొంతులో భయం లేదు. ఎవరో చనిపోయిన ఇంటికి వెళ్లి వచ్చినట్టు మెల్లగా అన్నాడు. అప్పుడే చెప్పాల్సింది. కాదు బావా, ఇక్కడ డబ్బున్నవాళ్లు మార్చుకుంటారు, అంతే, అనాల్సింది. అక్క పాలు పొంగిస్తోంది, పురోహితుడు తొందర చేస్తున్నాడు, తర్వాత చెప్దాంలే అనుకున్నాను. తర్వాత అనే రోజు క్యాలెండర్‌లో ఉండదని అప్పటికి తెలియదు.

ఇక మా సేఠు వచ్చాడు. దేంట్లో వచ్చాడనుకున్నారు? వాళ్ల నాన్న కాలం నాటి ఫియట్‌లో. ముప్ఫై ఏళ్ల పైబడ్డది. ఇంట్లో మూడు కొత్త కార్లుండగా, శుభకార్యాలకు మాత్రం దాన్నే తీస్తాడట. నాన్న వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో కొన్నదట, ఇంటి లక్ష్మి అట. దిగి దాని బానెట్ మీద చెయ్యి వేసి, "మాస్టర్, నీ ఇంటికి మా లక్ష్మిని తీసుకొచ్చాను," అన్నాడు హిందీలో. కమిటీ చైర్మన్ పరుగెత్తుకొచ్చి దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఎవరు చూసి నవ్వుతారని నేను భయపడ్డానో వాళ్లే ముసలి బండికి మొక్కుతున్నారు. భూమి చీలితే దూరిపోదామనిపించింది. నాలుగో అంతస్తు ఫ్లాటువాడికి ఆ సౌకర్యం కూడా లేదు.

బావ బాల్కనీలోంచి అంతా చూశాడు. మరి ఇదెట్లా తిరుగుతోందని అడిగాడు. నా నోరు ఆగిందా? ఇక్కడే పుట్టిన బండ్లకు రూలు లేదని, బయటి నుంచి వచ్చేవాటికేనని చెప్పాను. బావ తలూపాడు. "అవు మల్ల, ఇంటోళ్లను ఎవలు ఎల్లగొడ్తరు," అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో బయటివాడిగా బతికిన నేను, మా బావను మా ఇంట్లోనే బయటివాణ్ని చేశాను. అది అప్పుడు తట్టలేదు. సేఠుకు శ్రీఖండ్ వడ్డిస్తున్నాను.

మూడు నెలల తర్వాత అక్క ఫోన్ చేసింది. బావ వ్యాన్‌ను అమ్మేశాడట. ఇయ్యాల గుజరాత్‌ల పెట్టిన్రు, రేపు మన తాన పెడ్తరు, గుంజుకోని తుక్కు జేస్తె సూడలేను, నా చేతులతోని నేనే ఇచ్చేస్త, అన్నాడట. ఇచ్చే ముందు కడిగి, బొట్టు పెట్టి, ముందర కొబ్బరికాయ కొట్టాడట. ఆ రోజు అన్నం తినలేదట. అక్క ఇవన్నీ వార్తలు చదివినట్టు చెప్పింది. నేను ఊ కొట్టాను. ఊ కొట్టడం తప్ప ఏం చేశానని నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను. ఊ కొట్టడమే చేశాను.

అంతటితో ఆగితే ఒక బండి పాపమే. బావ మంచివాడు, తెలిసిన మంచి మాటను తన దగ్గరే ఉంచుకోడు. ఊరంతా చెప్పాడు. తాపీమేస్త్రి తన జీపును అమ్మాడు. సూదులేసే డాక్టర్ అమ్మాడు. కిరాణా కొట్టాయన, తర్వాత ఆయన తమ్ముడు. ఏడాది తిరిగేసరికి మా ఊళ్లో పదేళ్లు దాటిన నాలుగు చక్రాల బండి లేకుండా పోయింది. అప్పు తెచ్చినవాళ్లు కొత్తవి కొన్నారు, తేలేనివాళ్లు బస్సెక్కారు. కార్లమ్మే ఒక కంపెనీ ఆయన మా వైపు ఊళ్లన్నీ తిరుగుతూ వచ్చి, చుట్టుపక్కల అన్నిచోట్లా తాత బండ్లుంటే ఈ ఒక్క ఊళ్లో అన్నీ పిల్ల బండ్లెందుకున్నాయని బిత్తరపోయాడట. భూమి సారమా, బతుకమ్మ దయా, గల్ఫ్ డబ్బా అని అడిగాడట. ఎవరూ చెప్పలేకపోయారు. దేశంలో ఎక్కడెక్కడ బండ్లు ఎంత వయసువో, ఎందుకో చెప్పే పెద్ద చదువులవాళ్లు ఉంటారు గదా. వాళ్లెవరైనా మా ఊరికి వస్తే డబ్బు, రోడ్లు, గాలి, వాన అన్నీ లెక్కేసి ఏదో కారణం రాస్తారు. కారణం సచిన్‌లో నాలుగో అంతస్తులో కూర్చుని టీ తాగుతోంది.

ఇంకా ఘోరం, నాకు పేరొచ్చింది. ముందే చెప్పి కాపాడాడని. ఊరి నుంచి ఫోన్లు. ట్రాక్టర్‌కు రూలేమన్నా ఉందా? స్కూటర్‌కు? మోటారు పంపుకు? ఎవరు రూలు అన్న మాట ఎత్తినా గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకునేవాణ్ని. వాటికి ఏ రూలూ లేదు, ఏదీ అమ్మకండి అని ఒకటే జవాబు. అదొక్కటే నేను నిజం చెప్పిన కాలం. బావకు మాత్రం చెప్పలేకపోయాను. ఎందుకు? మొదట సిగ్గు. బండిని చూసి సిగ్గుపడ్డానని చెప్పడానికి సిగ్గు. తర్వాత భయం. తర్వాత ఆలస్యమైంది, ఇప్పుడు చెప్తే ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటాడు. ఇంకో ఏడాది గడిస్తే అదే ప్రశ్న ఇంకాస్త పెద్దదయ్యేది. అట్లా తొమ్మిదేళ్లు.

ఈ తొమ్మిదేళ్లలో ఊరికి వెళ్లినప్పుడల్లా ఒకటి చూశాను. బావ వాకిలి ఖాళీగా ఉండేది. ఎవరూ వచ్చి బండి తియ్యమనడం లేదు. ఎవరికైనా నొప్పులొచ్చాయని వినపడితే అలవాటుగా లేచి చెప్పులేసుకునేవాడు, గుర్తొచ్చి మళ్లీ విప్పేవాడు. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు. నేను ఆ మనిషి చేతుల్లోంచి బండిని కాదు, ఊరికి పనికొచ్చే పనిని లాగేసుకున్నాను. బాధగా ఉంటుంది. చాలా బాధగా ఉంటుంది.

పోయిన వారం బావ ఫోన్ చేశాడు. గొంతులో పాత హుషారు. సెకండ్‌హ్యాండ్ కారు తీసుకున్నాడట. తొమ్మిదేళ్ల ఏడు నెలలది. "ఇంక ఐదు నెల్లే ఉన్నది," అన్నాడు. "గీ లోపట్నే మీ అక్కను తీస్కోని ఒకపారి ఒచ్చి పోత. పదేండ్లు నిండినంక మీ దిక్కు రానియ్యరు గదా."

ఇదే సమయం అనుకున్నాను. చెప్పెయ్యాలి. గొంతు సవరించుకున్నాను. నోరు తెరిచాను. నా నోటి సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

"గా రూల్ ఎప్పుడో ఎత్తేసిన్రు బావా," అన్నాను.

"ఎప్పుడు?"

"పెట్టిన ఏడాదికే."

ఎత్తేశారంటే సంతోషిస్తాడనుకున్నాను.

"ఏడాదికేనా," అన్నాడు. "మీ అక్క ఆగుమన్నది. నేనే ఇనలే. నేనే తొందరవడి మంచి బండిని సంపుకున్న."

అప్పుడైనా చెప్పానా? లేదు. శనివారం బయల్దేరుతున్నామని చెప్పి ఆయనే ఫోన్ పెట్టేశాడు. ఒక గొయ్యి పూడ్చబోయి దాని పక్కనే ఇంకోటి తవ్వాను, అందులో బావను తోశాను. తొమ్మిదేళ్లు ఎవరో కనపడని సర్కారు మోసిన నిందను తీసి ఆ మంచి మనిషి నెత్తిన పెట్టాను. ఆయన వచ్చినప్పుడు చెప్తానా? మాట ఇవ్వలేను. నా మాట ఖరీదు మీకు తెలుసు. చెప్తే క్షమిస్తాడా? అది ఆయన ఇష్టం, నేను అడిగే హక్కు లేదు.

మీకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్తున్నాను. మా బావ తొందరపడలేదు. ఎన్నేళ్లు ఆగినా ఎత్తేయడానికి ఆ రూలే లేదు. దాన్ని పెట్టింది నేను, ఎత్తేసిందీ నేను. ఆ బండి పోయింది నా వల్ల. రాసి చూస్తే ఇంత చిన్న మాట, దీనికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది. ఇవాళ గురువారం.